ఐస్‌లాండ్‌ను సొంతంగా కారులో చూసి రావడం ఎలా?

ఐస్‌లాండ్ వెళ్లి రావాలనుకునే మన వాళ్లు, హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారైనా, లండన్‌లోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్నవారైనా, అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. ఎన్ని రోజులు కావాలి, కారు మనమే నడపగలమా, వారంలో ద్వీపమంతా చుట్టి రావచ్చా, అరోరా (రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగు) కనిపిస్తుందా, శాకాహారులకు తిండి దొరుకుతుందా అని అడుగుతారు. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పడం కంటే, చేయవలసిన పనులన్నిటినీ చేయవలసిన వరుసలో ఒకచోట పెడితే మేలని ఇది రాస్తున్నాను.

ఆ ద్వీపం విస్తీర్ణం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణ కంటే కాస్త చిన్నది. జనాభా మాత్రం నాలుగు లక్షల లోపే. అందువల్ల మ్యాపులో పక్కపక్కనే కనిపించే రెండు ఊళ్ల మధ్య గంటసేపు ప్రయాణించినా ఒక ఇల్లు గానీ, పెట్రోలు బంకు గానీ ఎదురుకాకపోవచ్చు. అక్కడ మీ ప్రయాణాన్ని సాగనిచ్చేదీ, ఆపేదీ గాలే. కాబట్టి చూడవలసిన స్థలాల జాబితాను తగ్గించుకుని, చేతిలో ఖాళీ సమయం ఉంచుకోవడం అన్నిటికంటే ముఖ్యమైన పని. కింది క్రమం మొదటిసారి వెళ్లేవారి కోసం, మే నుంచి సెప్టెంబరు వరకు ఉండే కాలానికి, ఎనిమిది రోజుల లెక్కన వేసినది.

కావలసినవి

- షెంగెన్ వీసా (యూరప్‌లోని పలు దేశాలకు ఉమ్మడిగా చెల్లేది), కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా.
- భారతీయ డ్రైవింగ్ లైసెన్సు, దానితోపాటు ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్.
- నాలుగంకెల పిన్ ఉన్న కార్డులు రెండు. వాటిలో ఒకటి తప్పనిసరిగా డ్రైవరు పేరుమీద ఉన్న క్రెడిట్ కార్డు కావాలి.
- నీరు చొరని పై కోటు, నీరు చొరని ప్యాంటు, ఉన్ని లోదుస్తులు, చీలమండను పట్టి ఉంచే బూట్లు, టోపీ, చేతితొడుగులు. గొడుగు అవసరం లేదు. తీసుకెళ్తే మొదటి రోజే విరిగిపోతుంది.
- నిద్రపోవడానికి కళ్లకు కట్టుకునే నల్లని పట్టీ. జూన్‌లో రాత్రి చీకటి పడదు.
- ఈత దుస్తులు, తువాలు.
- ఫోనులో 112 ఐస్‌లాండ్ యాప్. ఆపద వచ్చినప్పుడు అందులోని బటన్ నొక్కితే మీరున్న చోటు సహాయ కేంద్రానికి తెలుస్తుంది.

1. కాలాన్ని ఎంచుకోండి

ఏమి చూడాలన్నది ముందు నిర్ణయించుకుంటే నెల దానంతట అదే తేలుతుంది. పఫిన్ పక్షులను చూడాలంటే మే నుంచి ఆగస్టు నడిమి వరకు వెళ్లాలి. అరోరా కావాలంటే ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల లోపు వెళ్లాలి. ద్వీపం మధ్యభాగంలోని కొండదారులు సాధారణంగా జూన్ చివర తెరిచి సెప్టెంబరులో మూసేస్తారు. డిసెంబరు చివరి వారంలో రాజధాని రేక్యావిక్‌లో పగటి వెలుగు నాలుగు గంటలకు కొంచెం ఎక్కువగా మాత్రమే ఉంటుంది. పండుగ సెలవులు కలిసివస్తాయని సంక్రాంతి ముందు వెళ్లి సొంతంగా కారు నడపాలనుకునేవారు ఈ సంగతిని, దారిమీది మంచును కలిపి ఆలోచించుకోవాలి.

నన్నడిగితే సెప్టెంబరు మొదటి పదిహేను రోజులు మంచివి. పగలు సరిపడా ఉంటుంది, రాత్రి తగినంత చీకటి ఉంటుంది, జనం పలచబడతారు. పఫిన్లు మాత్రం అప్పటికి సముద్రంలోకి వెళ్లిపోయి ఉంటాయి.

2. రోజులను, దారిని లెక్కవేసుకోండి

ద్వీపం చుట్టూ తిరిగే ఒకటో నంబరు రహదారి పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. రోజుకు 220 చొప్పున ఆరు రోజుల్లో చుట్టవచ్చునని చాలామంది భాగహారం చేస్తారు. ఆ లెక్కలో జలపాతం దగ్గర దిగి నడిచే గంట, వాన తగ్గే వరకు ఆగే గంట, గాలివల్ల దారి మూసేసిన పూట లేవు. పూర్తి చుట్టుకు కనీసం పది రోజులు ఉంచుకోండి. ఎనిమిది రోజులే ఉంటే దక్షిణ తీరం వెంట వెళ్లి అదే దారిలో తిరిగి రండి. వచ్చిన దారినే వెళ్లడం వృథా అనిపించవచ్చు గానీ, వెళ్లేటప్పుడు మబ్బు కప్పిన కొండ వచ్చేటప్పుడు కనిపించడం అక్కడ మామూలు.

మొదటి రోజు కెఫ్లావిక్ విమానాశ్రయంలో దిగి, 50 కిలోమీటర్ల దూరంలోని రేక్యావిక్ చేరి విశ్రాంతి తీసుకోండి. రెండో రోజు థింగ్‌వెట్లిర్, గేసిర్, గుల్‌ఫోస్ చూసి సెల్ఫోస్ ఊరి వైపు బస చేయండి. ఈ మూడింటిని కలిపే చుట్టునే గోల్డెన్ సర్కిల్ అంటారు. మూడో రోజు సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ జలపాతాలు చూసి వీక్ ఊరు చేరండి. నాలుగో రోజు రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక తీరం, ఎల్డ్‌హ్రాయిన్ లావా మైదానం మీదుగా స్కాఫ్తాఫెల్ వైపు వెళ్లండి. ఐదో రోజు హిమానీనదం, యోకుల్సార్లోన్ సరస్సు చూడండి. ఆరో రోజును ఖాళీగా ఉంచండి. ఇది విలాసం కాదు, ఐదు రోజుల్లో ఎక్కడో ఒకచోట వాతావరణం తినేసే పూటకు ముందుగా కట్టుకునే బీమా. ఏడో రోజు రేక్యానెస్ ద్వీపకల్పం వరకు వెనక్కి వచ్చి, ఎనిమిదో రోజు విమానం ఎక్కండి.

ఉత్తరాన మీవాట్న్ సరస్సు, దెత్తిఫోస్ జలపాతం, హూసావిక్ తిమింగలాలు చూడకపోతే ఎలా అని మనసు పీకితే, ఈ ప్రణాళికను సాగదీయకండి. రేక్యావిక్ నుంచి ఉత్తరాది పట్టణమైన అకురేరి సుమారు 390 కిలోమీటర్లు. దానిని మరో ప్రయాణంగా పెట్టుకోండి.

3. కాగితాల పని

ఐస్‌లాండ్ షెంగెన్ ప్రాంతంలో ఉంది కాబట్టి దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, కనీసం పదిహేను రోజుల ముందు వరకు ఇవ్వవచ్చు. వేసవిలో వెళ్లేవారు రెండు నెలల ముందే ఇవ్వడం క్షేమం. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా, పాస్‌పోర్టు భారతదేశానిదైతే ఈ వీసా కావాలి. ఈ ఒక్క సంగతి తెలియక టికెట్లు ముందే కొనేసినవారు ఉన్నారు. మరొక జాగ్రత్త: జర్మనీ మీదుగానో నెదర్లాండ్స్ మీదుగానో వెళ్తే పాస్‌పోర్టు తనిఖీ కెఫ్లావిక్‌లో కాక అక్కడే జరుగుతుంది. కాబట్టి విమానం మారడానికి గంట వ్యవధి చాలదు, రెండున్నర గంటలైనా ఉంచుకోండి.

4. కారు, బీమా

ఒకటో నంబరు రహదారి మీదే తిరిగేవారికి వేసవిలో మామూలు చిన్న కారు చాలు. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండదారుల్లోకి వెళ్లడానికి మాత్రం నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే వాహనమే ఉండాలని చట్టం చెబుతుంది. ఆ దారుల్లో వంతెనలు లేని వాగులు దాటవలసి వస్తుంది. వాగునీటిలో ఇంజను చెడితే సాధారణంగా బీమా ఆదుకోదు. మొదటి ప్రయాణంలో ఆ దారుల జోలికి వెళ్లవద్దు. ఆ కొండల్లోని లాండ్‌మన్నలోగర్ చూసి తీరాలంటే అక్కడికి నడిచే ఎత్తు చక్రాల బస్సు ఎక్కండి.

అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపున ఉంటుంది. భారతదేశంలో నడిపిన అలవాటు ఉన్నవారు గేర్లు మార్చే కారు తీసుకుంటే కుడిచేత్తో గేరు మార్చవలసి వస్తుంది. కొంచెం డబ్బు ఎక్కువైనా ఆటోమేటిక్ కారే అడిగి తీసుకోండి.

బీమా కాగితంలో మూడు మాటలను వేళ్లు పెట్టి చూసుకోండి. చిన్న రాళ్లు ఎగిరి అద్దం పగిలితే వర్తిస్తుందా, ఇసుక లేదా బూడిద గాలికి రంగు గీసుకుపోతే వర్తిస్తుందా, గాలికి తలుపు విరిగితే వర్తిస్తుందా? మూడోదానికి జవాబు చాలా చోట్ల లేదు అనే ఉంటుంది. మా ప్రయాణంలో మాతో వచ్చిన ఒకరు పెట్రోలు బంకులో మామూలుగా తలుపు తీయగానే గాలి దానిని ముందుకు విరిచేసింది, మళ్లీ అది పూర్తిగా మూసుకోలేదు. ఆ ఖర్చంతా మేమే పెట్టుకున్నాము. అందుచేత కారును ఎప్పుడూ ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపండి, ఒకరి తర్వాత ఒకరు దిగండి, తలుపును రెండు చేతులతో పట్టుకుని తీయండి. పిల్లలున్నవారు వెనుక తలుపులకు తాళం వేసి ఉంచి, పెద్దలే బయటి నుంచి తీయాలి.

కారు తీసుకునేటప్పుడు నాలుగు వైపులా, చక్రాలకూ, అద్దానికీ నిదానంగా వీడియో తీయండి. వాన పడుతోందని ఈ పని మానేయవద్దు.

5. బస, తిండి

వీక్, స్కాఫ్తాఫెల్ ప్రాంతాల్లో గదులు తక్కువ, అడిగేవారు ఎక్కువ. వేసవికైతే నాలుగైదు నెలల ముందే తీసుకోవాలి. వంటగది ఉన్న బసనే ఎంచుకోండి. హోటల్ భోజనం ఖరీదు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. బోనుస్, క్రోనన్ దుకాణాల్లో బియ్యం, పప్పులు, కూరగాయలు, పెరుగులాగా చిక్కగా ఉండే స్కీర్ దొరుకుతాయి. ఇంటినుంచి కందిపొడి, పులిహోర ముద్ద, ఊరగాయ, ఉప్మా రవ్వ తెచ్చుకుంటే సరిపోతుంది. యూరప్ బయటి నుంచి పాలతోనూ మాంసంతోనూ చేసిన పదార్థాలు తీసుకుపోకూడదు. అమ్మ ఇచ్చిన పాలకోవా, నెయ్యి డబ్బా కూడా అందులోకే వస్తాయి.

కుళాయి చల్లనీరు నిస్సంకోచంగా తాగవచ్చు, సీసా నీళ్లు కొనడం దండగ. వేడినీటి కుళాయిలో మాత్రం చాలా చోట్ల భూగర్భం నుంచి వచ్చే గంధకం వాసన ఉంటుంది. ఆ నీటితో టీ పెట్టవద్దు, చల్లనీటినే కాచుకోండి.

6. ప్రతి ఉదయం మూడు చోట్ల చూడండి

ఈ పని పళ్లు తోముకోవడంతో సమానం, ఒక్క రోజు కూడా మానకూడదు.

మొదట వాతావరణ సంస్థ వారి వెదుర్ డాట్ ఐఎస్ తెరవండి. ఇది మన వెదురు కాదు, వారి భాషలో వాతావరణానికి పేరు. అందులో వాన కంటే ముందు గాలి వేగం చూడండి. వేగాన్ని సెకనుకు మీటర్లలో ఇస్తారు, 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే మన వాతావరణ శాఖ దానిని తుపాను అంటుంది. అక్కడి లెక్కలో అది సెకనుకు 17 మీటర్ల పైమాట, ఆ దేశంలో అటువంటి రోజు అరుదేమీ కాదు. 15 మీటర్లు దాటితే నిదానంగా, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచి నడపండి. 20 దాటుతుందని ఉంటే బయలుదేరవద్దు. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఏ ప్రాంతానికి, ఏ గంట నుంచి ఏ గంట వరకు అన్నది కూడా చూడండి. తరచుగా మూడు గంటలు ఆలస్యంగా బయలుదేరితే ఇబ్బంది తప్పుతుంది.

రెండవది, రహదారుల శాఖ వారి ఉమ్‌ఫెర్దిన్ డాట్ ఐఎస్. దారులను రంగులతో చూపే పటం ఇది. ఎరుపు అంటే మూసేశారని అర్థం. మీ ఫోనులోని దారిచూపే యాప్ అదే దారిన వెళ్లమంటున్నా ఈ పటం మాటే వినాలి. చాలా చోట్ల దారి పక్కన పెట్టిన కెమెరాల చిత్రాలు కూడా అందులో ఉంటాయి.

మూడవది, సేఫ్‌ట్రావెల్ డాట్ ఐఎస్. అక్కడి స్వచ్ఛంద రక్షణ దళాల వారు నడుపుతున్న ఈ చోట ఆనాటి ప్రమాద సూచనలు ఉంటాయి. కొండల్లో నడవబోతుంటే మీ దారిని, తిరిగి వచ్చే సమయాన్ని అందులో నమోదు చేయవచ్చు.

మూడూ చూశాక ఆనాటి ప్రణాళికలో ఏదో ఒకటి కొట్టివేయవలసి వస్తే వెంటనే కొట్టివేయండి. హోటల్‌కు డబ్బు కట్టేశామనే ఆలోచన అక్కడ ప్రమాదాలకు దారితీస్తుంది.

7. దారిమీద

ఊళ్ల బయట తారు రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్లలో సాధారణంగా 50 కిలోమీటర్లు. పగలైనా దీపాలు వెలగాలి. తారు నుంచి కంకరకు మారే చోట వేగం తగ్గించకపోవడం పరదేశీయులు చేసే పెద్ద పొరపాటు. కంకర మీద గట్టిగా బ్రేకు వేస్తే కారు పక్కకు జారిపోతుంది.

బోర్డుల మీద రెండు మాటలు గుర్తుపట్టండి. ఏన్‌బ్రేద్ బ్రూ అంటే ఒక కారే పట్టే వంతెన. ముందు చేరినవారు ముందు దాటుతారు, సందేహం ఉంటే ఆగి ఎదుటివారిని రానివ్వండి. బ్లిండ్‌హైద్ అంటే అవతలి వైపు కనిపించని మిట్ట, అక్కడ కుడి అంచుకు ఒదిగి వెళ్లాలి. వేసవిలో గొర్రెలు విచ్చలవిడిగా తిరుగుతాయి. తల్లి ఒక పక్కన, పిల్ల మరో పక్కన కనిపిస్తే పిల్ల తప్పకుండా అడ్డంగా పరుగెత్తుతుందని అనుకుని వేగం తగ్గించండి.

ఫోటో కోసం దారి మధ్యలోనో అంచునో ఆపకండి. ఆపడానికి కేటాయించిన చోటు కొద్ది దూరంలో ఉండనే ఉంటుంది. దారి విడిచి నేలమీద కారు నడపడం నేరం, జరిమానా భారీగా ఉంటుంది. వీక్ దాటాక కనిపించే ఎల్డ్‌హ్రాయిన్ 1783లో లాకి అగ్నిపర్వత చీలికల నుంచి మొదలై ఎనిమిది నెలలు పారిన లావా. దానిమీద దిండులాగా పరుచుకున్న నాచును ఒక్క అడుగు చెరిపితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి దానిపై నడవకండి, పిల్లలను ఎగరనివ్వకండి.

పెట్రోలు బంకుల్లో చాలావాటికి మనుషులుండరు. కార్డు పెట్టి పిన్ కొట్టాలి, అందుకే పిన్ అంత ముఖ్యం. ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి. వీక్‌లో నిండుగా నింపి బయలుదేరితే యోకుల్సార్లోన్ వరకు చింత ఉండదు.

8. చూడవలసిన చోట్ల ఏం చేయాలి

థింగ్‌వెట్లిర్‌లో 930లో ఐస్‌లాండ్ ప్రజాసభ మొదలైంది. ఉత్తర అమెరికా, యూరేషియా భూఫలకాలు ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న లోయ కూడా ఇదే. ఆల్మన్నగ్యా అనే రాతి చీలిక గుండా నడవండి. చెక్క బాట దిగితే గడ్డి కప్పిన పగుళ్లలో కాలు ఇరుక్కుంటుంది.

గేసిర్ పేరే మన స్నానాల గదిలోని గీజరుకు వచ్చింది. ఆ పాత ఊట ఇప్పుడు అరుదుగా తప్ప ఎగయదు, పక్కనే ఉన్న స్ట్రోక్కుర్ మాత్రం ఐదు నుంచి పది నిమిషాలకొకసారి 15 నుంచి 20 మీటర్ల ఎత్తుకు చిమ్ముతుంది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గాలి వచ్చే వైపున నిలబడండి. లేకపోతే ఆవిరీ నీరూ మీమీదే పడతాయి. చుట్టూ పారే చిన్న కాలువల్లో వేలు పెట్టి వేడి చూడవద్దు, ఆ నీరు బొబ్బలెక్కిస్తుంది. ఒకసారి చూసి వెళ్లకుండా నాలుగుసార్లు ఆగి చూడండి. చిమ్మబోయే ముందు నీలిరంగు నీటి బుడగ ఉబ్బే క్షణం రెండోసారికి గానీ కంటికి దొరకదు.

గుల్‌ఫోస్ రెండు మెట్లుగా 32 మీటర్లు దూకుతుంది. పర్యాటకుల బస్సులు పగలు పదకొండు నుంచి మూడు వరకు వస్తాయి. వేసవిలో సాయంత్రం ఏడింటికి కూడా ఎండ ఉంటుంది కాబట్టి ఆ వేళకు వెళ్తే జలపాతం దగ్గర ప్రశాంతంగా ఉంటుంది.

సెల్యాలాండ్స్‌ఫోస్ 60 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, దాని వెనుక నుంచి నడిచి రావచ్చు. బాట బురదగా ఉంటుంది, పూర్తిగా తడుస్తారు, మంచు పట్టిన రోజుల్లో మూసేస్తారు. స్కోగాఫోస్ కూడా 60 మీటర్లే, కానీ వెడల్పు వల్ల మరింత గంభీరంగా కనిపిస్తుంది. పక్కనున్న సుమారు 500 మెట్లు ఎక్కి పైన నది వెంట అరగంట నడిస్తే జనం తగ్గి, మరిన్ని జలపాతాలు వరుసగా కనిపిస్తాయి. ఈ రెండు జలపాతాల మధ్య పైనున్న మంచు కప్పిన అగ్నిపర్వతమే 2010లో పేలి యూరప్ విమానాలను దాదాపు వారం నేలమీద నిలిపివేసిన ఎయాఫ్యాట్లయోకుల్.

రేనిస్‌ఫ్యారా గురించి ఎంత చెప్పినా తక్కువే. నల్ల ఇసుక, నిలువు రాతి స్తంభాలు, సముద్రంలో నిలిచిన రాళ్లు చూసి మైమరచినవారిని అక్కడి అలలు లాక్కుపోయిన సంఘటనలు పలుమార్లు జరిగాయి. చిన్న అలలు పది వచ్చాక, ఏ సూచనా లేకుండా ఒక పెద్ద అల తీరంమీదికి చాలా దూరం దూసుకువస్తుంది. నీటి కింద నేల ఒక్కసారిగా లోతుకు దిగుతుంది, నీరు ఎముకలు కొరికే చల్లదనంతో ఉంటుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో చేసినట్లు పాదాలు తడుపుకునే సరదా ఇక్కడ పెట్టుకోకూడదు. దిగే దారిలో హెచ్చరిక దీపం ఉంటుంది. ఎరుపు వెలిగితే ఇసుకలోకి దిగవద్దు. ఎరుపు వెలగకపోయినా నీటి అంచుకు 30 మీటర్ల దూరం ఉంచి, సముద్రానికి వీపు తిప్పకుండా నిలబడండి. స్తంభాల పక్కన ఫోటో దిగేటప్పుడు ఒకరు అలలను చూస్తూ ఉండాలి. అలలు ఎక్కువగా ఉంటే దిర్హోలే కొండపైకి వెళ్లి అక్కడినుంచి అదే తీరాన్ని చూడవచ్చు. నా కంటికి ఆ చూపే మెరుగు.

ఆ స్తంభాలు ఎవరో చెక్కినవి కావు. లావా నెమ్మదిగా చల్లారి కుంచించుకుపోయేటప్పుడు అడ్డంగా చూస్తే ఆరు పలకలుగా పగులుతుంది. రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి క్వారీల్లోని నల్లరాయి కూడా లావా గడ్డకట్టినదే, కాకపోతే అది దక్కను లావా కాలంది, ఆరు కోట్ల ఏళ్లకు పైబడినది. స్కాఫ్తాఫెల్‌లో ఇటువంటి స్తంభాల మధ్య నుంచి దూకే స్వార్తిఫోస్ వరకు రానుపోను గంటన్నర నడక, పెద్దవారూ నెమ్మదిగా వెళ్లగలరు.

వాత్నాయోకుల్ హిమానీనదం మీద అడుగు పెట్టాలంటే గైడుతోనే వెళ్లాలి. పగుళ్ల మీద కొత్త మంచు మూతలాగా కప్పుకుని ఉంటుంది, అనుభవం లేని కంటికి తేడా తెలియదు. మంచు గుహలకు సాధారణంగా నవంబరు నుంచి మార్చి వరకే తీసుకువెళ్తారు. 2024 ఆగస్టులో బ్రేదామెర్కుర్యోకుల్ హిమానీనదం మీద మంచు కూలి ఒక పర్యాటకుడు మరణించాడు, ఆ బృందంతో గైడ్లు ఉన్నారు కూడా. కాబట్టి ఎండాకాలంలో సహజమైన మంచు గుహ చూపిస్తామని ఎవరైనా అంటే అది ఏ గుహో, ఆనాటి పరిస్థితి ఏమిటో నిలదీసి అడగండి. యోకుల్సార్లోన్‌లో తేలే మంచు గడ్డలమీదికి ఎక్కవద్దు. అవి ఏ క్షణాన్నైనా తిరగబడతాయి. సరస్సు చూశాక రోడ్డు దాటి సముద్రం వైపు వెళ్తే, ఒడ్డుకు కొట్టుకువచ్చిన మంచు ముక్కలు నల్ల ఇసుకలో మెరుస్తూ ఉంటాయి. ఇక్కడా అలల జాగ్రత్త అదే.

9. అగ్నిపర్వతం, వేడినీరు

రేక్యానెస్ ద్వీపకల్పంలో 2021 మార్చి నుంచి పలుమార్లు లావా పైకి వచ్చింది. 2023 నవంబరు 10న గ్రిండావిక్ ఊరిని ఖాళీ చేయించారు. పేలుడు జరుగుతుందని పందెం కట్టి టికెట్లు కొనకండి. జరుగుతుంటే మాత్రం అధికారులు అనుమతించిన చోటినుంచే చూడండి. గాలి తగ్గితే విషవాయువులు పల్లపు ప్రాంతాల్లో నిలుస్తాయి. పైన నల్లగా గట్టిపడినట్లు కనిపించే లావా లోపల ఎర్రగా మండుతూ ఉండవచ్చు, దానిపై అడుగు వేయకూడదు. ఫోనుకు పౌర రక్షణ విభాగం నుంచి సందేశం వస్తే అందులో చెప్పినట్లు వెంటనే కదలండి.

దాదాపు ప్రతి ఊళ్లోనూ భూగర్భ వేడినీటి ఈత కొలను ఉంటుంది. పేరుమోసిన ఖరీదైన కొలనుల కంటే ఇవే బాగుంటాయని నా అభిప్రాయం. నియమం ఒకటే: నీటిలో దిగే ముందు బట్టలు పూర్తిగా విప్పి సబ్బుతో స్నానం చేయాలి. ఆడవారికి, మగవారికి గదులు వేరు. మన వాళ్లకు ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది, కానీ అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు. తెరలున్న చోటు ఉందా అని అడగవచ్చు. ఈ నియమం తప్పితే మాత్రం గట్టిగా చెబుతారు.

10. అరోరా

నాలుగు సంగతులు కలవాలి: చీకటి, మబ్బులేని ఆకాశం, ఊరి దీపాలకు దూరం, సూర్యుడి క్రియాశీలత. మన వాళ్లు నాలుగోదానిని మాత్రమే పట్టుకుని కేపీ అంకె (ఆ తీవ్రతను సున్నా నుంచి తొమ్మిది వరకు చెప్పే కొలత) ఏడు ఉందా, ఎనిమిది ఉందా అని చూస్తారు. ఐస్‌లాండ్ అరోరా వలయం కిందే ఉంది కాబట్టి రెండు, మూడు ఉన్నా చాలు. అసలు చూడవలసింది వెదుర్‌లోని మబ్బుల పటం. అందులో తెల్లగా ఉన్న చోటే ఆకాశం నిర్మలం, ముదురు ఆకుపచ్చ అంటే మబ్బు. ఆకుపచ్చ అంటే అరోరా అని పొరబడి సరిగ్గా మబ్బులోకి కారు నడిపినవారి కథలు విన్నాను.

ఆకాశంలో బూడిదరంగు పట్టీ కనిపించి, అది మబ్బో అరోరానో తెలియకపోతే ఫోనును ఒక రాయికి ఆనించి రాత్రి మోడ్‌లో మూడు నుంచి పది సెకన్ల ఫోటో తీయండి. చిత్రంలో ఆకుపచ్చగా వస్తే అరోరా. కారును దారిమీద కాక ఆపే చోటనే ఆపండి, దీపాలు ఆర్పేయండి.

సరిగ్గా సాగుతోందా లేదా తెలుసుకోవడం

మొదటి రెండు రోజుల తర్వాత ఒకసారి లెక్క చూసుకోండి. బసకు రాత్రి ఎనిమిదింటి లోపు చేరుతున్నారా? ఒక్కో చోట కనీసం గంట నిలిచి చూడగలుగుతున్నారా? రోజుకు కారులో గడిపేది నాలుగు గంటల లోపేనా? వీటిలో ఒకదానికైనా కాదని జవాబు వస్తే మిగిలిన రోజుల్లోంచి ఒక స్థలాన్ని తీసేయండి. సాయంత్రానికి బూట్ల లోపల తడి ఉంటే అవి నీరు చొరనివి కావని అర్థం. రేక్యావిక్ దాటకముందే మార్చుకోండి. జీన్స్ ప్యాంటు తడిస్తే రోజంతా ఆరదు, దానిని సూట్‌కేసులోనే ఉంచండి.

కారు తిరిగి ఇచ్చే ముందు మరొక వీడియో తీయండి, ట్యాంకు నింపండి. తర్వాత ఆగిన చోట్లన్నిటినీ ఒక కాగితం మీద రాసి, పార్కింగ్ రుసుము కట్టినవాటికి గుర్తు పెట్టండి. చాలా చోట్ల గేటు గానీ మనిషి గానీ ఉండరు, కెమెరా నంబరు ప్లేటును చదువుతుంది, డబ్బు ఫోనులోనే కట్టాలి. కట్టకపోతే ఆ బిల్లు కారు అద్దెకిచ్చిన సంస్థకు వెళ్లి, వారి రుసుము కూడా కలుపుకుని నెల తర్వాత మీ కార్డు మీద పడుతుంది. ఉత్తరానికి వెళ్లినవారు అకురేరి పక్కనున్న వాద్లాహేది సొరంగానికి కూడా ఇలాగే ఆన్‌లైన్‌లో కట్టవలసి ఉంటుంది. అది వద్దనుకుంటే కొండమీది పాత దారి ఉంది, దానికి రుసుము లేదు.